బటన్ ఒక్కటే చాలదు

మా చిన్నప్పుడు ఊళ్లో ఏదైనా జరిగితే ఒకరు సైకిలెక్కి స్టేషన్‌కు పోవాలి. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. మన తమిళనాడు పోలీసులు 2018లో కావలన్ ఎస్ఓఎస్, 2022లో కావల్ ఉదవి యాప్‌లు తెచ్చారు. అత్యవసర బటన్ నొక్కితే మనమున్న చోటు కంట్రోల్ రూముకు తెలుస్తుంది. ఆంధ్రాలో 2020లో వచ్చిన దిశ కూడా ఇలాంటిదిగానే ఉండేది. అయితే అది అక్కడి పోలీసులది. చుట్టాలు చెప్పారని హోసూరులో దాన్ని నమ్ముకోకండి.

ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఇది మేలే. భయంలో తమిళం నోట రాకపోయినా ఫోను చోటు చూపిస్తుంది. కానీ లొకేషన్ ఆపి ఉంటే? చార్జింగ్ అయిపోతే? ఫోను నాన్న జేబులో ఉంటే? మన బడి పిల్లల్లో చాలామందికి సొంత ఫోను లేదు, ఉండాలని నేనూ అనను.

అందుకే యాప్ పెద్దల ఫోన్లో ఉండనీయండి, 112 మాత్రం పిల్లల నోట ఉండాలి. పక్కవాళ్ల ఫోను అడిగైనా చేయొచ్చు. అవతలివాళ్లు "ఎక్కడ?" అంటే వీధి పేరు, దగ్గరున్న గుడో, నీళ్ల ట్యాంకో తమిళంలో చెప్పగలగాలి. ఈ రాత్రి అన్నం దగ్గర ఒకసారి అడిగి చూడండి. తడబడితే మీరే నేర్పండి. బడిలో మేమూ నేర్పిస్తాం.