ఒకరి వెనక ఒకరు

హౌస్ సర్జన్సీ రోజుల్లో ఒక వేసవి మధ్యాహ్నం మా క్యాజువాల్టీకి ముగ్గురు మనుషులను ఒకే ట్రాక్టరులో వేసుకొచ్చారు. పూడిక తీయడానికని పాడుబడ్డ బావిలోకి మొదట అన్న దిగాడట. పిలిస్తే పలకలేదు. కళ్ళు తిరిగి పడిపోయాడేమోనని తమ్ముడు దిగాడు. అతనూ పలకలేదు. అప్పుడు పక్క పొలం ఆయన దిగాడు. బావి అడుగున ఉన్నది చెడు గాలి. ముందుగా ఒక లాంతరు దించి ఉంటే దీపం ఆరిపోయి సంగతి చెప్పేది. అన్నదమ్ములు దక్కలేదు. మూడో ఆయన బతికాడు. "ఇద్దరు పోయాక నువ్వెందుకు దిగావయ్యా?" అని అడిగితే, "కింద మనుషులున్నారు గదండీ" అన్నాడు.

పోయిన నెలలో ఒక ఆదివారం పిల్లలను తీసుకుని చాతమ్ ఊరి పైన మిట్ట మీద ఉన్న నౌకాదళ స్మారక స్తంభం చూడడానికి వెళ్ళినప్పుడు ఆయన మాట గుర్తుకొచ్చింది. అక్కడ చెక్కిన 1914 నాటి పేర్లలో ఒకే ఉదయం పోయినవాళ్ళు వందల్లో ఉన్నారు. అబూకిర్, హోగ్, క్రెస్సీ అనే మూడు యుద్ధనౌకల వాళ్ళు. ఆ మూడూ ఒకదాని వెనక ఒకటి బావిలోకి దిగినట్టే పోయాయి. ముంచినది యు-9 అనే ఒక్క జర్మన్ జలాంతర్గామి. ఈ నెల ఈ శీర్షిక కింద మందుల సంగతి కాకుండా దాని కథ చెబుతాను. సంపాదకులు మన్నింతురు గాక.

యు-9ను డాన్జిగ్‌లోని ప్రభుత్వ నౌకాశాలలో కట్టారు. ఇప్పుడు ఆ ఊరు పోలెండులో ఉంది, గ్డాన్స్క్ అంటున్నారు. 1908లో ఆర్డరు, 1910 ఫిబ్రవరిలో జలప్రవేశం, ఏప్రిల్లో కొలువులో చేరిక. పొడవు 57 మీటర్ల చిల్లర, బరువు నీటి పైన 493 టన్నులు. మనుషులు మసలే లోపలి గొట్టం వెడల్పు నాలుగు మీటర్లు కూడా లేదు. అందులో సుమారు ముప్ఫై మంది, ఆరు టార్పెడోలు, వంట, పడక, బ్యాటరీలు అన్నీ.

ఇంజన్లు మాత్రం కిరసనాయిలువి! పెట్రోలు అయితే మూసిన గొట్టంలో ఆవిరి నిండి పేలుతుందని భయం. డీజిలు ఇంజను ఇంకా నమ్మకంగా కుదరలేదు. జర్మన్లకు అది యు-19తో గాని రాలేదు. అందుకని కోర్టింగ్ కంపెనీ కిరసనాయిలు ఇంజన్లు పెట్టారు. పగలు తెల్లటి పొగ, రాత్రి నిప్పురవ్వలు. దాక్కోవడానికే పుట్టిన పడవకు ఇదేం కర్మో చూడండి. నీళ్ళలోకి మునిగితే ఇంజన్లు ఆపి బ్యాటరీల మీద నడవాలి. గంటకు ఐదు నాటికల్ మైళ్ళ వేగంతో వెడితే ఎనభై మైళ్ళు, ఆ పైన కరెంటు అయిపోతుంది. టార్పెడో వదలగానే ముందు భాగం తేలికై పైకి లేస్తుంది. దాన్ని సరిచెయ్యడానికి ఖాళీగా ఉన్న మనుషులను అటూ ఇటూ పరుగెత్తించేవారట!

1914 సెప్టెంబరులో దాని కెప్టెను ఓటో వెడ్డిగెన్. దిక్సూచి పాడై దారి తప్పి, తుఫాను ఉధృతికి సముద్రం అడుగున రాత్రి గడిపి, 22వ తేదీ తెల్లవారుజామున డచ్ తీరానికి దగ్గర్లో పైకి తేలారు. బ్యాటరీలు చార్జి చేసుకుంటుండగా దూరంగా తెరచాప కొయ్యలు కనబడ్డాయి. పొగ చూసి పసిగడతారని ఇంజన్లు ఆపి మునిగారు.

వచ్చేవి ఒక్కొక్కటి పన్నెండు వేల టన్నుల పాత క్రూయిజర్లు. వాటి మీద చాలామంది ఉద్యోగం మాని ఇళ్ళలో ఉండగా పిలిపించిన రిజర్వు నావికులు, కొందరు నౌకా విద్యాలయం నుంచి నేరుగా వచ్చిన పిల్లలు. కాపలాగా ఉండవలసిన డిస్ట్రాయర్లు వాతావరణం బాగులేక వెళ్ళిపోయాయి. ఇవి మాత్రం తిన్నగా, నింపాదిగా పోతున్నాయి.

ఆరున్నరకు కాస్త ముందు అబూకిర్‌కు టార్పెడో తగిలింది. దాని కెప్టెను డ్రమ్మండ్ మందుపాతర తగిలిందనుకున్నాడు. మిగతా రెంటినీ సాయానికి దగ్గరకు రమ్మన్నాడు. మా భాషలో చెప్పాలంటే తప్పు డయాగ్నోసిస్. మందుపాతర ఉన్నచోటే ఉంటుంది. జలాంతర్గామి మళ్ళీ గురి చూసుకుంటుంది. హోగ్ ఆగి పడవలు దించుతుండగా రెండు టార్పెడోలు తగిలాయి. పది నిమిషాల్లో మునిగింది.

ఇక క్రెస్సీ. దాని కెప్టెను జాన్సన్‌కు అప్పటికి జబ్బేమిటో తెలుసు. జలాంతర్గామిని చూశామని ఫిరంగులు కూడా కాల్చారు. అయినా నీళ్ళలో ఉన్నవాళ్ళ కోసం ఆగిపోయాడు. దాని పడవలన్నీ పక్క ఓడల వాళ్ళను ఎక్కించుకోవడానికి వెళ్ళి ఉన్నాయి. ఎనిమిది కొట్టేలోగా అదీ పోయింది, జాన్సనూ పోయాడు. మొత్తం 1,459 మంది. డచ్ ఓడలూ ఇంగ్లీషు చేపల పడవలూ, తరవాత వచ్చిన డిస్ట్రాయర్లూ కలిసి 837 మందిని కాపాడాయి. వారిలో వైకమ్-మస్‌గ్రేవ్ అనే పదిహేనేళ్ళ కుర్రవాడు మూడు ఓడల మీద నుంచీ నీళ్ళలో పడి బతికాడు.

ఆ తరవాత నౌకాదళం పెద్దలు ఉత్తర్వు వేశారు: దెబ్బతిన్న ఓడను దాని ఖర్మకు వదిలేసి పెద్ద ఓడలు వెళ్ళిపోవాలి. ఉత్తర్వు సరైనదే. రోడ్డు ప్రమాదంలో మనిషిని ముట్టుకోబోయే ముందు నీ క్షేమం చూసుకో అని మేమూ జూనియర్లకు మొదటి పాఠంగా చెబుతాం. డ్రమ్మండ్ పొరపాటును నేను తేలిగ్గానే పొరపాటు అంటాను. జాన్సన్ విషయంలో ఆ మాట నోట రావడం లేదు. అతని స్థానంలో నేనుంటే ఇంజన్లు నడవమని చెప్పగలిగేవాడినా అని స్తంభం దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను. పిల్లలు ఐస్‌క్రీం అని గోల పెట్టారు.

ఇంకో సంగతి. సరిగ్గా అదే 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుళ్ళు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలకూ మద్రాసే రాజధాని గదా. తరవాత కైజరు ఐరన్ క్రాస్ గుర్తును ధరించే గౌరవం ఇచ్చిన ఓడలు రెండే: ఎమ్డెన్, యు-9.

అక్టోబరు 15న యు-9 హాక్ అనే మరో క్రూయిజరును ముంచింది. అది పక్క ఓడ నుంచి ఉత్తరాల సంచీ అందుకోవడానికి ఆగి, మళ్ళీ బయలుదేరిందట. అయిదు వందల మందికి పైగా పోయారు. వెడ్డిగెన్ యు-29కి మారాడు. 1915 మార్చి 18న డ్రెడ్‌నాట్ యుద్ధనౌక దాన్ని గుద్ది ముంచింది, ఒక్కరూ మిగల్లేదు. యు-9ను బాల్టిక్‌కు పంపి, 1916 నుంచి శిక్షణకు వాడుకున్నారు. 1918 నవంబరులో లొంగిపోయాక, మనవాళ్ళు వేసవిలో పిల్లలతో వెళ్ళే మోర్‌కాంబ్‌లోనే, 1919లో దాన్ని ముక్కలు చేసి పాత ఇనుము కింద తీసేశారు.