ప్రభకు కావలసింది వెలుగు, మిరుమిట్లు కాదు

మహాశివరాత్రికి ఇంకా నెలలు ఉండగానే చిలకలూరిపేట చుట్టుపక్కల గ్రామాలలో ప్రభల మాట మొదలవుతుంది. ఒకవైపు పత్తి తీతలు, మరొకవైపు మిరపకోతలు సాగుతుండగానే చందాల పట్టీ సిద్ధమవుతుంది. వెదుళ్లు ఎక్కడ కొనాలి, బండి ఇరుసు మరొక ఏడు ఆగుతుందా, మేళం ఎవరిది అని పెద్దలు కూర్చొని లెక్కలు వేస్తారు. ఈ లెక్కలలో దీపాల పద్దు పెద్దదే అయినా దాని మీద జరిగే చర్చ మాత్రం చిన్నది. ‘నిరుటి కంటె బాగా మెరవాలి’ అన్న ఒక్క మాటతో బేరం కుదిరిపోవడం పరిపాటి. ఈ పద్దు దగ్గర మరికొంత ఆలోచన అవసరమని చెప్పక తప్పదు.

పేటకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభే ప్రాణం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి పేట, కొండ రెండూ గుంటూరు జిల్లా నుంచి విడివడినా ఈ ఆనవాయితీలో మార్పు లేదు. పురుషోత్తమపట్నం, కావూరు, యడవల్లి వంటి ఊళ్ల నుంచి ‘చేదుకో కోటయ్యా’ అన్న కేకల మధ్య విద్యుత్ ప్రభలు 80, 90 అడుగుల ఎత్తున కదలివస్తాయి. దారికి అడ్డు వచ్చే తీగెలను విద్యుత్ సిబ్బంది ముందుగా విప్పి, ప్రభ దాటిన తరువాత మళ్లీ బిగిస్తారు. ఆ రాత్రి కొండ దిగువన వరుస తీరిన ప్రభల వెలుగును లక్షలాది జనం కన్నులారా చూస్తారు.

అందుచేత ప్రభ మీది దీపం కేవలం అలంకారం అనుకోరాదు. అందులో ఊరి పరువు ఉంది. రైతు చెమటోడ్చి ఇచ్చిన చందా ఉంది. ప్రభ పైన ఎక్కిన వారి, పక్కన నడిచే వారి క్షేమం కూడా అందులోనే ఉంది. పాత ఫిలమెంటు బల్బుల స్థానంలో ఎల్‌ఇడి దీపాలు వచ్చిన ఈ రోజులలో ఏ దీపం తీసుకోవాలన్నది ఊరు తీరికగా తేల్చుకోవలసిన విషయం.

పాత బల్బు గుణం

ఒకప్పుడు ప్రభలకు రంగు పూసిన జీరో బల్బులు, చిన్న సీరియల్ బల్బులు కట్టేవారు. పేరుకు జీరో అయినా ఆ బల్బు తాగే కరెంటు సుమారు 15 వాట్లు. సీరియల్ బల్బుది ఆరు వోల్టుల పైచిలుకు శక్తి. అటువంటివి సుమారు 37 ఒకే తీగెకు వరుసగా కలిపితే ఇంటి కరెంటు 230 వోల్టులకు సరిపోయేది. ఒకటి మాడితే వరుస అంతా ఆరిపోయేది. రాగిరేకులు బిగించిన డ్రమ్మును మోటారుతో తిప్పి, ఒక వరుస తరువాత మరొక వరుసను వెలిగిస్తూ దీపాలను పరుగెత్తించేవారు.

ఆ వెలుగుకు ఒక సొగసు ఉండేది. ఫిలమెంటు వేడెక్కి వెలగడానికి రెప్పపాటు పడుతుంది. ఆరడానికీ అంతే పడుతుంది. అందువల్ల ఒక వరుస ఆరుతుండగానే పక్క వరుస అందుకొని, పంటబోదెలో నీరు పారినట్లు వెలుగు పారేది. ఆ కాంతిలో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ. స్వామివారి పటం మీది కుంకుమ, పసుపు, బంగారు జరీ ఆ కాంతిలో నిండుగా కనిపించేవి.

లెక్కకు లాభమే

అయినా మళ్లీ పాత బల్బులకే పోదామనడం తెలివైన మాట కాదు. ఫిలమెంటు బల్బు తాగిన కరెంటులో వెలుగుగా మారేది నూటికి 5 వంతుల లోపే. మిగిలినదంతా వేడి. వెదురు, గుడ్డ, రంగుకాగితం మీద ఆ వేడి పెట్టడం ఏనాటికైనా ప్రమాదమే.

ఖర్చు కూడా చూడవలసి ఉంది. ఒక ప్రభకు 2,000 జీరో బల్బులు కట్టారనుకుంటే, బల్బుకు 15 వాట్ల వంతున 30 కిలోవాట్లు కావాలి. అందుకు సుమారు 40 కెవిఎ జనరేటరు, రాత్రి తెల్లవార్లూ డీజిలు, లావుపాటి తీగెలు అవసరం. అదే అర వాటు ఎల్‌ఇడి బల్బులైతే 2,000 కలిపినా ఒక కిలోవాటు దాటదు. జనరేటరు చిన్నదవుతుంది, తీగెల బరువు తగ్గుతుంది, ప్రభ తేలికవుతుంది. ఇంత లాభం కళ్లెదుట ఉండగా ఎల్‌ఇడి వద్దనేవారు ఉండరు. చిక్కల్లా ఎటువంటి ఎల్‌ఇడి అన్న దగ్గరే వస్తుంది.

చిక్కు ఎక్కడ ఉన్నది

కంటికి కనిపించే కాంతినిచ్చే ఎర్ర ఎల్‌ఇడి 1962లోనే తయారైంది. నీలి ఎల్‌ఇడి రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. అందుకు కృషి చేసిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నేడు అంగడిలో దొరికే తెల్ల ఎల్‌ఇడిలో నిజానికి ఉండేది నీలి దీపమే. దాని మీద పసుపుపచ్చని పూత వేసి తెలుపు రప్పిస్తారు. పూత పలుచనైతే నీలం పాలు ఎక్కువై, ఎరుపు పాలు తగ్గుతుంది. చవకగా దొరికే చాలా రకాలు ఈ కోవలోవే.

అటువంటి తెల్లదీపం కింద కుంకుమ నల్లబారుతుంది, పసుపు పాలిపోతుంది. దాని మీద ఎర్ర తొడుగు వేసినా ఫలితం ఉండదు. దీపంలో లేని ఎరుపు తొడుగులో నుంచి ఎట్లా వస్తుంది? దేవుడి పటం ముందు నిలబడినవారికి పటం కన్న దీపమే ముందు కంట్లో గుచ్చుకుంటే ఆ అలంకరణ వృథా.

మరొక లోపం అదురు. నాసిరకం సీరియల్ సెట్లలో కరెంటును చదును చేసే ఏర్పాటు సరిగా ఉండదు. దీపం సెకనుకు 50 సార్లో, 100 సార్లో వెలిగి ఆరుతుంది. కదలని దీపంలో ఇది అంతగా తెలియదు గాని, ప్రభ ఊగుతూ నడిచేటప్పుడు వెలుగు చుక్కలు చుక్కలుగా తెగి కళ్లకు శ్రమ కలిగిస్తుంది. ఫోనులో వీడియో తీస్తే నల్లని చారలు పడేది కూడా ఇందువల్లనే.

ఆటయంత్రాలు నేర్పిన పాఠం

ఈ ఇబ్బందులు కోటప్పకొండ ప్రభలకే పరిమితం కాదు. అమెరికాలో పిన్‌బాల్ అనే ఆటయంత్రాలు ఉన్నాయి. గాజుపలక కింద ఏటవాలు బల్ల మీద ఉక్కుగోళీని దొర్లించి ఆడతారు. గోళీ తగిలిన చోటల్లా రంగుదీపాలు వెలుగుతుంటాయి. ఆ యంత్రాలలో వాడిన 44 నెంబరు బల్బు మన సీరియల్ బల్బుకు వరుసకు సోదరి వంటిది. 6.3 వోల్టుల మీద పావు ఆంపియరు కరెంటు తీసుకుంటుంది. బల్బుల వేడికి ప్లాస్టిక్ ముక్కలు వంకరపోయి, గాజు మీది బొమ్మల రంగు పెచ్చులుగా రాలుతుంటే యంత్రాల యజమానులు ఎల్‌ఇడిలకు మారసాగారు.

మారిన తరువాత వారికి కొన్ని సంగతులు తెలిసివచ్చాయి. ఎర్ర పలక కింద ఎర్ర దీపం, పచ్చ పలక కింద పచ్చ దీపం పెడితేనే రంగు నిండుగా వస్తుంది. పాత బొమ్మలకు నీలిమెరుపు తెలుపు కంటె పసుపుచాయ తెలుపే నప్పుతుంది. విడిగా కనిపించే దీపం కన్ను పొడుస్తుంది గనుక పాలగాజు వంటి మూత ఉన్నదే మేలు. ఆరవలసిన దీపం పూర్తిగా ఆరక మినుకుమనడం అన్నిటికంటె విచిత్రం. పాత బల్బును కదిలించలేని పిసరంత కరెంటు ఎల్‌ఇడిని వెలిగించగలదు. దీనికి వారు దయ్యపు వెలుగు అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. కరెంటు పిసరును మింగే చిన్న రెసిస్టరు గల బల్బులు వాడి దానిని వదిలించుకున్నారు.

ప్రభ మీద జరిగేదీ ఇదే. పొడవాటి తీగెలు పక్కపక్కన సాగేటప్పుడు ఒక తీగె నుంచి పక్క తీగెకు కొద్దిపాటి కరెంటు చేరుతుంది. ఆరిన వరుస కూడా మినుకుమంటూ ఉంటే దీపాల పరుగు తేటగా కనిపించదు. పైగా ఎల్‌ఇడి తటాలున వెలిగి తటాలున ఆరుతుంది గనుక పరుగు కాస్తా కుంటినడక అవుతుంది. వెలుగును మెల్లగా పెంచి మెల్లగా దించే కంట్రోలరు వాడితేనే ఆ పాత పారుదల తిరిగి వస్తుంది.

పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్ జగద్ధాత్రి పూజ దీపాలంకరణకు పేరుపొందిన ఊరు. అక్కడివారు కూడా చిన్న ఫిలమెంటు బల్బులు, తిరిగే రోలర్లతో పేరు గడించి, తరువాత ఎల్‌ఇడిలకు మారినవారే. దీపం మారినా పనితనం ఊరు దాటిపోకుండా కాపాడుకోవచ్చుననడానికి వారే నిదర్శనం.

బేరానికి ముందు చూడవలసినవి

కమిటీలు దీపాల బేరం కుదుర్చుకొనేటప్పుడు ఎన్ని వేల బల్బులు అని మాత్రమే అడగడం చాలదు. పటం మీద పడే తెల్లదీపం 2,700 నుంచి 3,000 కెల్విన్ల మధ్య ఉండాలని చెప్పాలి. ఈ అంకె డబ్బా మీద ముద్రించి ఉంటుంది. 6,500 అని ఉంటే అది నీలిమెరుపు తెలుపు. రంగుదీపాలు ఏ రంగుకు ఆ రంగువే కావాలి. మొత్తం సరుకు ఒకే విడతలో తయారైనదై ఉండాలి. లేకుంటే ఒకే ప్రభ మీద నాలుగు రకాల తెలుపులు కనిపిస్తాయి.

బల్బుల మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్నదీ లేనిదీ చూడడం తప్పనిసరి. హోల్డరులో బిగించే ఎల్‌ఇడి బల్బులకు ఐఎస్ 16102 అనే ప్రమాణం ఉంది. రాత్రి మంచుకు, దారి దుమ్ముకు ఆగాలంటే ఆరుబయట వాడేందుకు ఐపి 65 గుర్తు ఉన్న దీపాలు మంచివి.

బొమ్మలు కదిలే పిక్సెల్ దీపాలకు 5 లేక 12 వోల్టుల కరెంటు ఇస్తారు. దానిని సన్నని తీగెతో ప్రభ అడుగు నుంచి కొనదాకా లాగితే దారిలోనే శక్తి తగ్గి, కిందిభాగం తెల్లగా, పైభాగం ఎర్రగా కనిపిస్తుంది. మధ్యమధ్య కరెంటు అందించే ఏర్పాటు ఉన్నదా అని అడిగి తెలుసుకోవాలి.

తక్కువ ధరకు వస్తుంటే ఇన్ని షరతులెందుకని కొందరు అనవచ్చు. మిరప విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్టు మీది బొమ్మ చూసి కొనే రైతు ఉండడు. లాటు నెంబరు చూస్తాడు, బిల్లు అడుగుతాడు. ఆ జాగ్రత్తే ఇక్కడా చూపమని కోరడం అత్యాశ కాదు. చవక సెట్టు ఒక పండుగతో పోతుంది. మంచి సరుకు జాగ్రత్త చేసుకుంటే మరికొన్ని పండుగలకు వస్తుంది.

రక్షణలో రాజీ వద్దు

ఎల్‌ఇడి చల్లగా వెలుగుతుంది గనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. 230 వోల్టుల మీద నేరుగా పనిచేసే సెట్టులో తీగె ఒలిచి ఉంటే పాత కరెంటు ఎంత ప్రమాదమో ఇదీ అంతే. ప్రభ కట్టులో ఇనుపగొట్టాలు ఉంటే మరీ ప్రమాదం. అందువల్ల మనుషుల చేతికి అందే ఎత్తులో తక్కువ వోల్టుల దీపాలే వాడడం మంచిది. జనరేటరుకు ఎర్తు వేయాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును తెంచే బ్రేకరు పెట్టాలి. అతుకులకు ప్లాస్టరు చుట్టి వదిలేయక కనెక్టర్లు బిగించాలి. వీటికయ్యే ఖర్చు మొత్తం పద్దులో ఏపాటి?

పిల్లలు, ముసలివారు ప్రభకు ఎదురుగా నడుస్తుంటారు. మనిషి కంటి ఎత్తున గుచ్చే దీపాలు పెడితే ఎదుటివారికి దారి కనిపించదు. అట్టి దీపాలను పైభాగానికే పరిమితం చేయాలి.

ముందుచూపు అవసరం

ఇందులో లైటింగు సెట్లవారిని మాత్రమే తప్పు పట్టి ప్రయోజనం లేదు. పండుగ వారం రోజులు ఉందనగా వచ్చి, ధర తగ్గించి, మెరుపు పెంచమంటే వారైనా ఏమి చేయగలరు? చేతికి అందిన సరుకు కట్టి పంపుతారు. కార్తికంలోనే మాట అనుకొని, షరతులు కాగితం మీద రాసి, కొంత బయానా ఇస్తే వారు మంచి సరుకు తెప్పించగలరు. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవారికి కొత్త కంట్రోలర్ల పని నేర్చుకొనే వ్యవధి కూడా దొరుకుతుంది. అట్లా కాకుంటే పని పైఊళ్ల వారి చేతికి పోవడం ఖాయం.

పెద్ద ఖర్చు లేకుండా చేయదగిన పని ఒకటి ఉంది. ప్రభలు కట్టే గ్రామాల కమిటీలు పండుగకు నెల ముందు ఒక సాయంత్రం పేటలో కలుసుకొని, రెండు మూడు రకాల దీపాలను ఒకే పటం మీద వెలిగించి చూసుకోవచ్చు. కుంకుమ ఏ దీపం కింద కుంకుమగా కనిపిస్తున్నదో చెప్పడానికి ఇంజనీరు అవసరం లేదు, కళ్లు చాలు. వైరింగు మాత్రం ప్రభ కదలడానికి ముందు విద్యుత్ సిబ్బంది చేత తనిఖీ చేయించాలి. తీగెలు విప్పడంలో వారు చూపే శ్రద్ధ ఈ తనిఖీకి కూడా చూపగలరని ఆశించవచ్చు.

ప్రభల ఎత్తులో ఊరికీ ఊరికీ పోటీ ఎప్పటినుంచో ఉన్నదే. మెరుపులో కూడా అటువంటి పోటీ పెట్టుకుంటే గెలిచేది జనరేటరు తప్ప ఊరు కాదు. ఏ ప్రభ ముందు జనం ఎక్కువసేపు కన్ను ఆర్పకుండా నిలబడగలిగారన్నది పోటీకి కొలబద్ద కావాలి. ఆ కొలతకు నిలిచే దీపాన్ని గ్రామపెద్దలు ఈ ఏడైనా ముందుగా ఎంచుకుంటే భక్తులు సంతోషిస్తారనడంలో సందేహం లేదు.