నిద్రితులపై విషాస్త్రం: ప్రతిక్రియకు అధికారి ఎవరు?



కాప్రా పరిసరాలలోని దేవాలయాలకు ప్రదోషవేళ వచ్చే భక్తజనంలో ఒక విశేషం ఉన్నది. సైనిక్‌పురి, యాప్రాల్, నేరేడ్‌మెట్ ప్రాంతాలు విశ్రాంత సైనికులకు ఆవాసాలు. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా వైపు నుండి వచ్చేవారిలో పెద్దలు ఆ సంస్థలో పనిచేసి విరమించినవారు, పిన్నలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తీర్థప్రసాదాలు స్వీకరించి మండపంలో కూర్చున్నప్పుడు యుద్ధప్రసంగం వస్తే ఇక్కడ అది వార్తాపత్రికా కాలక్షేపంగా ముగియదు. విన్నవారికీ, వెళ్ళి వచ్చినవారికీ మధ్య వాదంగా మారుతుంది.

2018 ఏప్రిల్ మాసంలో సిరియాలోని దౌమా పట్టణంపై విషవాయు ప్రయోగం జరిగినదన్న వార్త వచ్చినది. వారం తిరుగకుండానే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు కలసి క్షిపణులు ప్రయోగించినవి. ఆ రోజులలో అట్టి మండపం ఒకదానిలో ఒక యువకుడు ఆవేశంతో ప్రశ్నించాడు: “పసిపిల్లలు నురగలు కక్కుకుంటూ చనిపోతుంటే, చేతిలో బలం ఉన్నవాడు చూస్తూ ఊరుకోవడం ధర్మమా, సుబేదారుగారూ?” ఆ వృద్ధుడు వెంటనే బదులు పలుకలేదు. కొంతసేపటికి, “ఊరుకోవడం ధర్మం కాదు నాయనా. కానీ వెళ్ళడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు” అని మాత్రం అన్నాడు.

ఇద్దరి మాటలోనూ సత్యం ఉన్నది. ఆ రెండు సత్యాలను ఒకచోట నిలిపి విచారించడమే కష్టం.

మొదట విషయం యొక్క స్వరూపం తెలియాలి. 2013 ఆగస్టు 21న డమాస్కస్ నగరం చెంతనున్న గౌతా ప్రాంతంపై సారిన్ నింపిన రాకెట్లు పడినవి. అది తెల్లవారుజాము, జనులు నిద్రలో ఉన్నారు. ఆ వేళ భూమి చల్లబడి గాలి పైకి లేవక నేలకు అణగి ఉంటుంది. సారిన్ వాయువు గాలికంటె బరువైనది. ఫిరంగి గుండ్లకు వెరచి నేలమాళిగలలో తలదాచుకున్నవారి వద్దకే అది దిగిపోయినది. మృతుల సంఖ్యపై ఏకాభిప్రాయం లేదు. అమెరికా ప్రభుత్వం చెప్పిన లెక్క 1,429. అందులో 426 మంది పిల్లలు. తెలుగునేలకు ఈ విషం పూర్తిగా అపరిచితం కాదనడం వింతగా తోచవచ్చు. చేలపై చల్లే కొన్ని పురుగుమందులు సారిన్‌తో ఒకే రసాయన కుటుంబానికి చెందినవి. అప్పులపాలై పురుగుమందు త్రాగిన రైతుకు మన జిల్లా ఆసుపత్రులలో ఎక్కించే అట్రోపిన్ మందునే గౌతాలోని వైద్యులూ ఎక్కించారు. శ్వాస ఆడక మనిషి కొట్టుకోవడం ఎట్లా ఉంటుందో ఆ వార్డులలో కూర్చున్న తల్లులకు తెలుసు.

అట్టి ఆయుధం విషయంలో ఆర్షధర్మానికి సందేహం లేదు. విషదిగ్ధబాణాలతో, అగ్నిజ్వలితబాణాలతో శత్రువును కొట్టరాదని మనుస్మృతి రాజధర్మప్రకరణం నిషేధించినది. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పినదీ అదే. అయితే అర్థశాస్త్రం చివరి భాగంలో కౌటిల్యుడు శత్రుసంహారానికి విషధూమయోగాలను కూడ వివరించాడు. దీనిని దాచి, మన పూర్వులకు ఇట్టి తలంపే లేదని చెప్పుకోవడం సత్యవ్రతం కాదు. యోగం తెలిసినా ప్రయోగం నిషేధించుకొనడమే మర్యాద. స్వతంత్రభారతం కూడ తన వద్ద వెయ్యి టన్నులకు పైబడిన మస్టర్డ్ విషద్రవ్యం ఉన్నదని 1997లో ప్రకటించి, 2009 నాటికి దానిని సంపూర్ణంగా నాశనం చేసినది.

నిద్రితులపై ప్రయోగం అన్నంతనే సౌప్తికపర్వం స్మరణకు రాక మానదు. ఆ పర్వంలో అశ్వత్థామ కంటె కృపాచార్యుని పాత్ర ఈ సందర్భంలో ఎక్కువ విచారణీయం. నిదురించువారిని చంపడం అధర్మమని ఆ రాత్రి మేనల్లునికి హితం చెప్పినవాడు ఆయనే. వినలేదని గ్రహించిన పిమ్మట, కృతవర్మతో కలసి శిబిరద్వారం కాచి, పారిపోవువారిని వధించినవాడూ ఆయనే. తెలిసి చెప్పినవాడు, తెలిసి ద్వారం కాచినాడు. నేటి లోకంలో కృపాచార్యులకు కొదువ లేదు. సిరియా విషప్రయోగాలకు బాధ్యులెవరో తేల్చే విచారణ సంఘం గడువును పొడిగించనీయక 2017 నవంబరులో భద్రతామండలిలో వీటో ప్రయోగించిన రష్యా ఒక ద్వారపాలకుడు. ఎదుటి పక్షమూ పుణ్యాత్ములు కారు. 1988 మార్చిలో సద్దాం హుస్సేను హలబ్జాలో వేలాది కుర్దులను విషవాయువుతో చంపినప్పుడు, ఇరాన్‌పై యుద్ధంలో అతనికి తోడ్పడుతున్న పాశ్చాత్య రాజ్యాలు చూపు తిప్పుకున్నవి. పదిహేనేండ్ల తరువాత ఆ హలబ్జానే సాక్ష్యంగా చూపి ఇరాక్‌పై దండెత్తినవి. ఉన్నవని చెప్పిన ఆయుధాలు అక్కడ దొరకలేదు. ప్రమాణం లేని యుద్ధం చేసినవాడు తరువాత ప్రమాణం ఉన్నదని చెప్పినా లోకం నమ్మదు. 2013 ఆగస్టు 29న బ్రిటిష్ పార్లమెంటు 285–272 ఓట్లతో సిరియాపై సైనికచర్యను నిరాకరించడంలో ఆ ఇరాక్ ఛాయ ఉన్నది. ఒక అసత్యం పదేళ్ళ తరువాత మరొక దేశపు పిల్లలకు రక్షణ లేకుండ చేసినది.

ఇక యువకుని ప్రశ్న. వేదాంతగ్రంథం ఆరంభించేటప్పుడు అనుబంధచతుష్టయం విచారించడం సంప్రదాయం: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. శాస్త్రం చదవడానికే ఇంత విచారణ కావలసినచోట, పరదేశంలో ప్రాణాలు తీయడానికి అక్కరలేదా? విషయం ఇంతకుముందు చెప్పినదే. చిక్కు అంతా అధికారి, ప్రయోజనాల దగ్గర.

అధికారి విషయంలో తెలుగువారి చరిత్రలోనే ఒక కథ ఉన్నది. నెల్లూరు ఏలుతున్న మనుమసిద్ధిని అక్కన, బయ్యన అనువారు పదవీచ్యుతుని చేయగా, మంత్రియైన తిక్కన సోమయాజి ఓరుగల్లుకు వెళ్ళి కాకతీయ గణపతిదేవుని సాయమర్థించెనని, గణపతిదేవుడు సేనతో తరలి మనుమసిద్ధిని తిరిగి నిలిపెనని కథనం. సౌప్తికపర్వాన్ని తెనిగించిన మహానుభావుడే పరరాజ్యసేనను ఆహ్వానించడానికి పోయిన రాయబారి! కనుక సైనికసాయం అన్ని వేళలా అధర్మమని చెప్పడానికి వీలులేదు. అయితే అక్కడ పిలిచినవాడు ఉన్నాడు. వచ్చినవానికి సాధించవలసిన కార్యం స్పష్టం. వెల కూడ ఉన్నదని మరువరాదు. ఆ పిదప నెల్లూరు కాకతీయుల ఛత్రచ్ఛాయలోనిదయినది.

సుబేదారు ఎరిగినది దీనికి భిన్నమైన అనుభవం. 1987 జూలై 29న భారత శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరినది. వెనువెంటనే సికింద్రాబాదు కేంద్రంగా గల 54వ పదాతి విభాగం విమానాలలో జాఫ్నాకు తరలినది. వెళ్ళినది శాంతిరక్షణకు. అక్టోబరు నాటికి, ఎవరిని రక్షించడానికి వెళ్ళారో ఆ తమిళుల పక్షాన పోరాడుతున్నామన్న పులులతోనే యుద్ధం. 1990 మార్చిలో చివరి దళం వెనుదిరిగే నాటికి సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయినారు. మృతులైన సామాన్య తమిళుల లెక్క వేరు. శాంతిని ఇరుపక్షాలూ కోరుతున్నవన్న భ్రమపై ఆధారపడిన ప్రయోజనం అది. అదే భారతసేన 1971 డిసెంబరులో తూర్పు బెంగాలుకు వెళ్ళి పదమూడు దినాలలో కార్యం ముగించుకొన్నది. కోటిమంది శరణార్థులు తిరిగి ఇల్లు చేరుకొన్నారు. కొన్ని నెలలలో సేన వెనుకకు వచ్చినది. శౌర్యంలో ఈ రెండింటికీ భేదం లేదు. పిలిచిన ప్రజ ఎవరు, పని ఎప్పుడు పూర్తయినట్లు అన్న రెండు ప్రశ్నలకు 1971లో ఉత్తరం ఉన్నది, 1987లో లేదు.

ఈ గీటురాయిపై పెట్టి చూచినప్పుడు క్షిపణిదాడులు ఏమి సాధించినవి? 2017 ఏప్రిల్‌లో ఖాన్ షేఖూన్‌పై సారిన్ ప్రయోగం తరువాత అమెరికా ఒక విమానస్థావరంపై 59 క్షిపణులు ప్రయోగించినది. సంవత్సరం తిరిగేసరికి దౌమా. కొట్టినవానికి కోపం చల్లారినది. నేలమాళిగలోని తల్లికి ఒరిగినదేమి? దీనిని దండనీతి అనరాదు.

సౌప్తికంలో అర్జునుడు చేసినది వేరు. అశ్వత్థామ గడ్డిపరకను అభిమంత్రించి బ్రహ్మశిరోస్త్రం విడిచినప్పుడు, అర్జునుడు మొదట ఆ గురుపుత్రునికి సైతం స్వస్తి పలికి, అస్త్రం అస్త్రంతో శాంతించుగాక అని సంకల్పించి ప్రత్యస్త్రం విడిచాడు. శత్రువు వధ అతని సంకల్పంలో లేదు. విషజ్వాల శమించడమే ఉన్నది. రెండు తేజస్సుల నడుమ వ్యాసనారదులు నిలువగా తన అస్త్రాన్ని ఉపసంహరించాడు. ఉపసంహారం తెలియని అశ్వత్థామ తన అస్త్రాన్ని పాండవస్త్రీల గర్భాలపైకి మళ్ళించాడు. అతనికి దండన తప్పలేదు: శిరోమణి తీసుకొన్నారు, మూడువేల ఏండ్ల ఏకాకి సంచారం శాపమైనది.

ఆధునికకాలంలో దీనికి దగ్గరగా వచ్చినది 2013 సెప్టెంబరులో జరిగినది. దాడి భయం తలపై ఉండగా సిరియా రసాయనాయుధ నిషేధ ఒడంబడికలో చేరినది. సెప్టెంబరు 27న భద్రతామండలి 2118వ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించినది. సుమారు 1,300 టన్నుల విషద్రవ్యాన్ని మరుసటి జూన్ నాటికి దేశం దాటించారు. ఎన్ని వేల క్షిపణులు ఆ పని చేయగలిగేవి? సమితి అనుమతి లేని సైనికచర్యను ఆనాడు భారతప్రభుత్వం సమర్థించకపోవడం సరియైన నిర్ణయమే. కానీ ఆ మాట చెప్పి ఊరుకోవడంలో కృపాచార్యుని అంశ కొంత లేకపోలేదు. ప్రకటించిన నిల్వలు పోయినవి, ప్రకటించనివి మిగిలినవి. వాటిని వెదకమని గట్టిగా నిలదీసే కంఠాలలో మన కంఠం వినిపించలేదు.

యువకుడు ఆనాడు మరొక మాట అడిగాడు. అది తేలికగా తీసివేయదగినది కాదు. ఆ అంతర్యుద్ధంలో మొదటి పదేండ్లలో మూడు లక్షలకు మించిన పౌరులు మరణించారని సమితి అంచనా. వారిలో అత్యధికులు సాధారణ బాంబులకు, తుపాకులకు బలియైనవారే. విషంతో చస్తే లోకం లేస్తుంది, ఇనుముతో చస్తే లేవదు, ఇదేమి న్యాయం? న్యాయం కాదు. అయినా సర్వహింసనూ ఆపలేమన్న కారణంతో ఆపగలిగిన దానిని విడిచిపెట్టడం తగదు. కురుక్షేత్రంలో నియమాలన్నీ ఒక్కొక్కటిగా భగ్నమైనవి, నిజమే. చివరకు గర్భస్థశిశువుపైకి అస్త్రం వెళ్ళినప్పుడు కృష్ణుడు, ఇన్ని పోయినవి, ఇదొకటి పోతే ఏమని అనలేదు. ఆ ఒక్క శిశువును బ్రతికించాడు.

సుబేదారుగారు దీనికి తల ఊపి, “అయితే అడగవలసిన ప్రశ్న వెళ్ళాలా వద్దా అని కాదు నాయనా, వెళ్ళి ఏం తీసుకుని రావాలి అని” అన్నారు. అప్పటికి కవాటబంధన వేళ అయినది. 2024 డిసెంబరు 8న అసద్ మాస్కోకు పారిపోయాడు. అతను దాచిన విషద్రవ్యాల లెక్క తేల్చే పని నిషేధసంస్థ పరిశీలకులకు మిగిలినది.