ఇల్లు పోయినా అప్పు పోదు!

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ నీళ్లే. చలికాలంలో అయితే ఫ్లెమింగోల బారులు. 'ఈ ఒడ్డున మనకీ ఓ చిన్న ఇల్లుంటేనా...' అని ఎవరికైనా అనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట, తడ మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాక ఆ ఆశ మనకు మరింత దగ్గరైంది. 'బ్యాంకు లోనిస్తానంది, ఇంకేం భయం?' అనుకుంటాం. ఆ ధీమాతోనే చిక్కు.

కేరళలోని మరడు సంగతి గుర్తుందా? కాయల్ ఒడ్డున స్థానిక పంచాయతీ ఇచ్చిన పర్మిట్లతోనే నాలుగు అపార్టుమెంట్ సముదాయాలు లేచాయి. తీర నియంత్రణ మండలి నిబంధనలకు విరుద్ధమంటూ 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చేయమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో అవి నేలమట్టమయ్యాయి. కొన్నవాళ్లకు మధ్యంతర పరిహారంగా పాతిక లక్షల చొప్పున ఇవ్వమని కోర్టు చెప్పింది. కానీ ఇల్లు కూలినంత మాత్రాన బ్యాంకు అప్పు రద్దయిపోదు.

30 లక్షల లోను, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకోండి. నెలకు కిస్తీ దాదాపు 27 వేలు. మొత్తం కట్టేది సుమారు 65 లక్షలు. ఇల్లున్నా లేకున్నా ఇది తప్పదు.

నిబంధన సముద్రానికే అనుకుంటే పొరపాటు. సముద్రం వైపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తుంది. పోటు నీరు చేరే సరస్సులు, కాలువల ఒడ్లకూ ఉంటుంది. అంతటా కట్టకూడదని కాదు. కొన్నిచోట్ల షరతులతో ఒప్పుకుంటారు. పక్షుల అభయారణ్యం మాత్రం అత్యంత కట్టుదిట్టమైన తరగతి. పులికాట్‌లో అలాంటి అభయారణ్యం ఉంది.

మరి బ్యాంకు లాయరు చూడరా? ఆయన చూసేది ముఖ్యంగా హక్కు పత్రాలు, ఈసీ. అదీ బ్యాంకు సొమ్ము భద్రంగా ఉండటానికి. మన భద్రత మనమే చూసుకోవాలి.

అడ్వాన్సు ఇచ్చేముందు సర్వే నంబరు పట్టుకుని తీర మండలి పటంలో ఆ స్థలం ఎక్కడుందో రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ సంస్థను రాతపూర్వకంగా అడగండి. అభయారణ్యం హద్దు గురించి అటవీశాఖను అడగండి. పంచాయతీ కాగితం ఒక్కటీ చాలదు. 'తీర మండలి అనుమతి గానీ, లోను గానీ రాకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి' అని అగ్రిమెంటులో రాయించుకోండి. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే అక్కడితో ఆగిపోవడమే మేలు. 30 లక్షల లోపు లోనైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చంటుంది రిజర్వు బ్యాంకు. మిగతాదీ, రిజిస్ట్రేషన్ ఖర్చూ సాధారణంగా మన చేతి డబ్బే. ముందు పోయేది అదే.

పక్షులు ఏటా వచ్చి, చలికాలం గడిపి వెళ్లిపోతాయి. వాటికి కిస్తీల బాధ లేదు. మనకుంది!