పది మీటర్లు, అర మిల్లీమీటరు

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో బెలూన్ల తుపాకీ పట్టని కుర్రాడు మన నందిగామ, జగ్గయ్యపేట వైపు ఉండడు. బెలూన్ పగిలినా పగలకపోయినా ఫోజు మాత్రం హీరో లెవెల్! ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కూడా గాలి ఒత్తిడితోనే పనిచేస్తుంది, మందుగుండు ఉండదు. పోలిక అక్కడితో సరి. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే పెల్లెట్ నాలుగున్నర మిల్లీమీటర్లు. అంటే చుక్క కన్నా గుండే తొమ్మిది రెట్లు పెద్దది. నిలబడి, గంటంబావులో అలా అరవై కొట్టాలి.

గగన్ నారంగ్ అనగానే అందరూ లండన్ మెడల్ అంటారు. నాకు మాత్రం 2008 బీజింగే గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన ఈ కుర్రాడు అక్కడ 600కి 595 కొట్టాడు. ఫైనల్‌కి ఎనిమిది మందే. స్కోర్లు సమానమై, కౌంట్‌బ్యాక్‌లో తొమ్మిదో స్థానానికి జారిపోయాడు. అదే పోటీలో 596తో ఫైనల్‌కెళ్లిన అభినవ్ బింద్రా దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ గోల్డ్ తెచ్చాడు. తేడా ఒక్క పాయింట్. మనమైతే ఆ రాత్రే రైఫిల్ అటకెక్కించేవాళ్లం. నారంగ్ 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో నాలుగు గోల్డ్‌లు కొట్టి, 2012 లండన్‌లో 701.1తో కాంస్యం తెచ్చుకున్నాడు. నాలుగో స్థానంలో ఉన్నవాడికీ తనకీ తేడా 0.7.

ఒక్క మార్కుకి ర్యాంకు ఎంత దిగుతుందో ఎంసెట్ రాసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఆట మనకి ఇట్టే అర్థమవుతుంది. కానీ ఆడం. ఎందుకంటే, మొదటిది డబ్బు. పోటీ స్థాయి రైఫిల్ అంటే లక్షల్లో మాట. రెండోది, రేంజ్. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌కి వాళ్ల నాన్న ఇంట్లోనే రేంజ్ కట్టించారు. అందరి నాన్నలకీ కుదిరే పనా అది? ఆ అమ్మాయి 13 ఏళ్లకే, 2018లో, సీనియర్ నేషనల్ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక గోల్డ్, మూడు సిల్వర్లు. అక్కడే మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విల్లు పట్టి మూడు గోల్డ్‌లు కొట్టింది. అటు విజయవాడలో విల్లు, ఇటు హైదరాబాద్‌లో తుపాకీ. మధ్యలో హైవే మీద బస్సులు లెక్కపెడుతూ మనం!

దీనికి తోడు 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో షూటింగే తీసేశారు. 2026 గ్లాస్గో జాబితాలోనూ లేదు. నారంగ్‌కి 2006, 2010ల్లో కలిపి ఎనిమిది గోల్డ్‌లు ఇచ్చిన మెట్టు అది. కొత్తవాళ్లకి ఆ మెట్టు లేకపోవడం నాకు నచ్చలేదు.

అయినా డబ్బు లేకుండా మొదలయ్యే పని ఒకటుంది. షూటర్లు డ్రై ఫైరింగ్ అంటారు. పెల్లెట్ వేయరు. నిలబడటం, ఊపిరి ఆపడం, చెయ్యి కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం, అంతే. పెద్ద షూటర్లు కూడా రోజూ చేస్తారు. రీల్స్ మధ్యలో ఒక్క నిమిషం చెయ్యి చాపి గోడ మీద చుక్కని చూడండి, ఎంత వణుకుతుందో తెలుస్తుంది.

మొన్న నందిగామ బస్టాండ్‌లో తెలిసినవాళ్ల అమ్మాయి అడిగింది. "పిస్టల్ ఎక్కడ నేర్పుతారంకుల్?" గచ్చిబౌలి అన్నాను. వాళ్లమ్మ వెంటనే "ముందు ఇంటర్ కానీయవే" అంది. ఆ అమ్మాయి ఇంకేం మాట్లాడలేదు. ఫోన్ తీసి హైదరాబాద్ బస్సు టైములు చూసుకుంటోంది.