జాతియు రక్తమును

మన భాషలో జాతి యను మాట పెక్కు బరువులు మోయుచున్నది. ఆంధ్రజాతి యందుము, మేలుజాతి యెద్దందుము, తోడిమానవుని దూరముంచుటకును ఆ మాటనే వాడుదుము. వీరపునాయునిపల్లె రైతు పండ్లను, మూపురమును జూచి యెద్దు మంచిచెడ్డలు చెప్పగలడు. ఆ పరీక్షను మనుష్యులకు బెట్టజూచిన దొరలుండిరి. 1901 జనాభా లెక్కలకు అధికారియైన రిస్లే, ముక్కు వెడల్పును బట్టి కులముల హెచ్చుతగ్గులు తెలియునని వాదించెను. చెన్నపట్టణపు మ్యూజియము అధికారి థర్స్టన్ తలలు, ముక్కులు కొలిచి, 1909లో దక్షిణదేశపు కులములపై ఏడు సంపుటములు వెలువరించెను. వానిలో పనికివచ్చు సంగతులు లేకపోలేదు. జాతికిని జాతికిని నడుమ గీత మాత్రము దొరకలేదు.

ముక్కులో దొరకనిది జన్యువులలో దొరకినదా? 2009లో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీ సింగులు అమెరికా శాస్త్రజ్ఞులతో గూడి 25 సమూహములకు చెందిన 132 మందిని పరీక్షించిరి. అగ్రవర్ణమైనను గిరిజనమైనను, దాదాపు అందరును రెండు ప్రాచీన జనముల కలయికయే, పాళ్లలోనే భేదము. ఆ కలయిక సుమారు 4,200 మొదలు 1,900 యేండ్ల క్రిందటి వరకు సాగినదని 2013 నాటి పరిశోధన తెలిపెను. శుద్ధరక్త మనునది మనలో నెవ్వరికిని లేదు.

అట్లని కులమునకును జన్యువులకును సంబంధమే లేదనుటయు సత్యముగాదు. ప్రొద్దుటూరు వర్తకములో పేరుగన్న ఆర్యవైశ్యులు తరతరములుగా తమలో దామే వియ్యమందిరి. బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము లోపము వారిలో ఇతరులకంటె హెచ్చు. శస్త్రచికిత్సవేళ కండరములు సడలుటకిచ్చు సక్సినైల్ కోలిన్ మందు సామాన్యముగ కొలది నిమిషములలో విరుగును. తల్లిదండ్రు లిరువురినుండియు ఈ లోపము వచ్చినవారిలో గంటలకొలది నిలిచి, ఊపిరియాడనీయదు. వైద్యుడు ముందెరిగినచో వేఱు మందు వాడును. ఎరుగనిచో శ్వాసయంత్రమే దిక్కు.

ఇది రక్తశుద్ధికి గుర్తు గాదు, తలుపులు మూసికొన్న కాలమునకు గుర్తు. ఒక్క కులమును వేలెత్తి చూపుటకును వీలులేదు. 2017లో పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహములలో 81 ఇట్టి యిరుకు వంశములేయని తేలినది.

కావున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రులవారిని మేము కోరునది యొక్కటి. శస్త్రచికిత్సకు ముందు రోగి కులము వ్రాసికొని యూరకుండరాదు. ఈ లోపము ఇతర కులములలోను గలదు, వైశ్యులందరకును లేదు. అడుగవలసిన ప్రశ్న వేఱు: మత్తుమందిచ్చిన పిమ్మట ఊపిరి ఆలస్యముగా వచ్చినవారు మీ యింట నెవరైన నుండిరా?