బొమ్మ ఇంటికి రావాలి

నా చిన్నతనంలో బెజవాడ గాంధీనగరం సినిమా ఆఫీసుల వెనక సందుల్లో మాకు రీలు ముక్కలు దొరికేవి. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు. ఎండకేసి ఎత్తి పట్టుకుని అందులో ఎవరున్నారో చూసుకునేవాళ్లం. రంగారావు ముక్క ఒకటిస్తే రేలంగి ముక్కలు రెండు రావాలి, అదీ బేరం. మాడిపోయిన బల్బు మూతి ఊడదీసి నీళ్లు నింపేవాళ్లం. కిటికీ బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండను లోపలికి కొడుతుంటే తాతయ్య పంచె మీద బొమ్మ పడేది. కదలదు, మాట్లాడదు. అయినా బొమ్మే. మా వైపు సినిమాను అనేదీ అదే మాట కదా, బొమ్మ బాగా ఆడుతోందని.

ఆ ముక్కలు ఎక్కడివని మేం ఎప్పుడూ అడగలేదు. మద్రాసులో కడిగిన ప్రింటు రైలెక్కి బెజవాడ వచ్చేది. ఆఫీసు నుంచి రేకు డబ్బాల్లో పట్నాల హాళ్లకు, అక్కణ్నుంచి చిన్న ఊళ్లకు, ఆఖరికి పొలాల పక్కన వేసిన టూరింగ్ టాకీసు గుడారానికి వెళ్లేది. ఏళ్ల తరబడి తిరిగి, గీతలు పడి, అంచు చిల్లులు తెగి, ఇక ఆడదనుకున్నాక తూకానికి అమ్మేసేవారు. నలుపు తెలుపు ఫిల్ము మీద బొమ్మను పట్టి ఉంచేది వెండి. ఆ వెండి కోసం కొనేవాళ్లుండేవారు. మిగిలిన తుక్కు పిల్లల పాలు. మా పంచె మీద పడ్డ ఏదో ఒక బొమ్మ ఆ సినిమాకు మిగిలిన చివరి ముక్కేమోనన్న ఆలోచన ఈ వయసులో నన్ను వదలడం లేదు.

ఈ ఉగాది సంచిక సంపాదకీయం ఆ సంగతి మీదే. మన పాత స్టూడియోల సినిమాలను, దొరికినంతలో మేలైన ప్రతి నుంచి బాగు చేయించి, పూర్తి నిడివితో, ఇంట్లో దాచుకునే డిస్కులుగా తీసుకురావాలి. మొన్న మన సంఘం కార్యవర్గంలో ఈ మాట అంటే ఒక మిత్రుడు, “ఇంకా డిస్కులేమిటండీ, అన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కాబట్టి ఫోన్లో ఉన్నదేమిటో చూద్దాం.

ఎప్పుడో వీడియో క్యాసెట్టు కోసం తీసిన ప్రతి నుంచి సీడీ, సీడీ నుంచి ఇంకో నకలు, ఆ నకలు మీద ఒక మూల ఎవరిదో ముద్ర. పాట మధ్యలో తెగుతుంది, ఒక రీలు ఉండదు. అప్పటి సినిమా చట్రం దాదాపు నలుచదరం, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ తెర నిండాలని పైనా కిందా కోసేస్తే, నాట్యం చేసే మనిషికి పాదాలుండవు. కూచిపూడి పుట్టిన గడ్డ మీద పాదాలు లేని నాట్యం చూడమంటే ఎలా? సెకనుకు 24 ఫ్రేములతో తీసిన దాన్ని టీవీ కోసం 25తో పరుగెత్తిస్తే శ్రుతి కూడా పెరుగుతుంది. ఘంటసాల గొంతు అలా ఉండేదనే మన పిల్లలు అనుకుంటున్నారు. 2007లో 28 రూపాయలకే వీసీడీ వచ్చిన రోజుల్లో మనమంతా సూట్‌కేసుల నిండా మోసుకొచ్చాం. చౌకగా దొరికిందన్న సంతోషంలో ఏ ప్రతి నుంచి తీశారని అడగలేదు.

అడగవలసింది మనమే, ఎందుకంటే ఆ సినిమాల్లో చాలా భాగం మన కృష్ణా డెల్టా సొమ్ముతో, డెల్టా మనుషులతో తయారైనవి. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య బందరు మనిషి. బెజవాడలో మారుతీ హాలు 1921 నాటిది. మద్రాసులో స్టూడియోలు లేచాక వాటికి కావలసిన కథకులు, గాయకులు, నటులు, పెట్టుబడి కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచి వెళ్లాయి. నిమ్మకూరు, రామాపురం, నూజివీడు, తెనాలి పేర్లు మీకు చెప్పనక్కర్లేదు. విజయా వారి సినిమాల గురించీ ఇక్కడ ఎక్కువ రాయను. ‘మాయాబజార్’కు 2010లో రంగులు వేసి హాళ్లలో విడుదల చేశారు, జనం బ్రహ్మరథం పట్టారు. దాన్ని ప్రేమించేవాళ్లకు కొదవ లేదు. నా బెంగ అంతకు ముందు తరం సినిమాల గురించి.

‘రైతుబిడ్డ’నే తీసుకోండి. 1939. తీసినవారు గూడవల్లి రామబ్రహ్మం, కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, మద్రాసులో ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపిన మనిషి. జమీందారీ వ్యవస్థ రైతును ఎలా పీల్చుతుందో చూపిన ఆ సినిమాకు సారథి సంస్థ తరఫున డబ్బు పెట్టింది సాక్షాత్తూ చల్లపల్లి రాజా, యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందారులు మండిపడ్డారు, కొన్నిచోట్ల నిషేధం పడింది. అదే చల్లపల్లి ఎస్టేటు తర్వాతి కాలంలో రైతు పోరాటాలకు రంగస్థలమైంది. మన జిల్లా చరిత్ర రాసేవాడికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఏముంటుంది? ఆ సినిమాలో రైతు వేషం వేసింది బళ్లారి రాఘవ. నాటకరంగంలో అంత పేరున్న నటుడు తెరమీద కనిపించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కించేటన్ని. కూచిపూడి నుంచి వచ్చిన వేదాంతం రాఘవయ్య అందులో నర్తించారు. పద్నాలుగేళ్ల తర్వాత ‘దేవదాసు’కు దర్శకత్వం వహించింది ఆయనే. ఇక అందులో నటించిన టంగుటూరి సూర్యకుమారి అప్పటికి ఇంకా చిన్నపిల్ల. ఆమె తర్వాత న్యూయార్కు రంగస్థలం మీద టాగోర్ నాటకంలో నటించి బహుమతి అందుకున్నారు. లండన్‌లో స్థిరపడి మన సంగీతం, నాట్యం అక్కడివాళ్లకు నేర్పి, 2005లో అక్కడే కన్నుమూశారు. ఇల్లు విడిచి వచ్చి భాషను వెంట తెచ్చుకున్న మనందరికీ ఆమె అక్కలాంటిది. ఆవిడ చిన్ననాటి ముఖాన్ని మన పిల్లలకు చూపించడానికి నా అలమరలో డిస్కు లేదు. అమ్మకానికి నాకు కనిపించిన చోటూ లేదు.

‘రైతుబిడ్డ’కు ఒక ఏడాది ముందు ‘మాలపిల్ల’. అదీ సారథిదే, అదీ రామబ్రహ్మం తీసిందే. కథ చలం ఇచ్చారు. బెజవాడలో ఏళ్ల తరబడి బతికి, అరుణాచలం వెళ్లిపోయిన ఆ చలమే. మాటలు తాపీ ధర్మారావు. పటమటలో పుట్టి 1933లోనే వెళ్లిపోయిన బసవరాజు అప్పారావు పాటలు, కవి పోయాక, ఆ సినిమాలో మోగాయి. బ్రాహ్మణ యువకుడు, దళిత యువతి ప్రేమను 1938లో ఊరూరా బహిరంగంగా ఆడించారు. అంటరానితనం మీద ఎన్ని ఉపన్యాసాలు చేయలేని పని కాంచనమాల ముఖం చేసి ఉంటుందో, చూసి తేల్చుకునే అవకాశం మనకుండాలి కదా.

మీర్జాపురం రాజా సంగతీ అంతే. నూజివీడు ప్రాంతం నుంచి వెళ్లి మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపారు. 1949లో ఆయన తీసిన ‘కీలుగుర్రం’ అక్కినేనిని, అంజలీదేవిని, సంగీత దర్శకుడిగా ఘంటసాలను ఇంటింటికీ తెలిసేలా చేసింది. అదే ఏడు ఆయన భార్య కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’లో ఎన్టీ రామారావు మొదటిసారి తెరమీద కనిపించారు, పోలీసు వేషంలో. కృష్ణవేణి గారు 2025 ఫిబ్రవరిలో, నూరేళ్లు నిండిన తర్వాత వెళ్లిపోయారు. మంచి డిస్కు అంటే సినిమా ఒక్కటే కాదు. తీసినవాళ్లు కూర్చుని, ఆ రోజు ఏం జరిగిందో, లైట్లు ఎలా పెట్టారో, పాట ఎన్నిసార్లు పాడించారో చెప్పే ముచ్చట్లు కూడా అందులో ఉంటాయి. ‘మనదేశం’కు ఆ ముచ్చట్లు చెప్పగల మనిషి మొన్న మొన్నటిదాకా మన మధ్య ఉన్నారు. అంత దాకా మనం ఆగాం.

ఆగితే ఏమవుతుందో ఫిల్ము స్వభావమే చెబుతుంది. 1950ల మొదటి దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము తొందరగా అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఆరదు. 2003లో పుణెలో అలాంటి ఫిల్ము దాచిన గది తగలబడి అపూర్వమైన రీళ్లు బూడిదయ్యాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము అంటుకోదు గాని, వేడికీ తేమకూ పులిసిపోతుంది. డబ్బా మూత తీస్తే ఘాటైన వెనిగర్ వాసన కొడుతుంది, రీలు ముడుచుకుపోయి ఉంటుంది. బెజవాడ ఎండ, డెల్టా తేమ, రెండూ దానికి విషమే. మూకీల కాలంలో దేశంలో తీసినవి 1,300కు పైగా ఉంటే మిగిలినవి 30 లోపేనని అంచనా. తెలుగులో మొదటి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, లేదు. రఘుపతి వెంకయ్య ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. ఆ లేనివాటి కోసం ఏడవడం కంటే ఉన్నవాటి కోసం పరుగెత్తడం మేలు.

పరుగెత్తితే ఫలితం ఉంటుందనడానికి సత్యజిత్ రాయ్ సినిమాలే రుజువు. 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో మంటలు లేచి ‘అపు’ సినిమాల నెగటివ్‌లు కాలాయి. ఇటలీలోని బొలోనా నిపుణులు ఆ మాడిన రీళ్లకు మెల్లగా తేమ పట్టించి, దాదాపు వెయ్యి గంటలు చేత్తో బాగు చేసి, ఫ్రేము ఫ్రేము స్కాన్ చేశారు. 2015లో అవి మళ్లీ హాళ్లకూ, డిస్కులుగా ఇళ్లకూ వచ్చాయి. శివేంద్ర సింగ్ దుంగార్పూర్ స్థాపించిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అరవిందన్ ‘తంపు’ను, మణిపురి ‘ఇషానౌ’ను, కన్నడ ‘ఘటశ్రాద్ధ’ను బాగు చేయించి ప్రపంచానికి చూపించింది. 2025లో వెనిస్ చిత్రోత్సవంలో, అలా బాగు చేసిన ‘దో బిఘా జమీన్’ వేశారు. భూమి పోగొట్టుకునే రైతు కథ అది, 1953 నాటిది. దానికి పద్నాలుగేళ్ల ముందే మన ‘రైతుబిడ్డ’ ఉందని ఆ హాల్లో ఎందరికి తెలుసు?

మనకూ ఒక మంచి మొదలు పడింది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఆయన సినిమాలు పది మళ్లీ హాళ్లలో ఆడాయి. ఆ నవంబరులోనే గోవా చిత్రోత్సవంలో, పుణె జాతీయ ఫిల్ము ఆర్కైవ్ బాగు చేసిన ‘దేవదాసు’ వేశారు. అలా బాగు చేసిన ప్రతి నా ఇంట్లో, మీ ఇంట్లో ఉండాలి. ఇందుకు మన డెల్టాలోనే ఒక దారి వేసినవారున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. గ్రంథాలయం కట్టి జనం రావాలని ఎదురు చూడలేదు. ఒడ్డున ఆగి, ఊరికి పుస్తకం అందించి, ముందుకు సాగింది ఆ పడవ. సినిమా విషయంలో మనకు ఆర్కైవ్ ఉంది, పడవ లేదు.

హక్కుల ముడి ఒకటుంది. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాటల సాహిత్యానికీ బాణీలకూ లెక్క వేరు. హక్కు తీరిన సినిమాను ఎవరైనా వేసుకోవచ్చన్న మాట వినడానికి బాగుంటుంది గాని, దాంతో ముక్కలైన నకళ్లు పెరిగాయే తప్ప నెగటివ్‌కు దిక్కు దొరకలేదు. లక్షలు పోసి బాగు చేసినవాడి ప్రతిని మర్నాడు ఎవడో ఊరికే పెట్టేస్తే, ఆ లక్షలు ఎవరు పోస్తారు? కొనేవాళ్లు ముందే నిలబడాలి. పూర్వం మన పెద్దలు పుస్తకాలు అచ్చు వేసిన పద్ధతి ఇదే: ముందు చందా, తర్వాత పుస్తకం.

అందుకే మన సంఘం తరఫున రెండు పనులకు మాట ఇస్తున్నాం. ‘రైతుబిడ్డ’, ‘మాలపిల్ల’, ‘మనదేశం’, ‘కీలుగుర్రం’లలో ఏది బాగు చేయడానికి ఏ సంస్థ ముందుకొచ్చినా, డిస్కులకు ముందుగానే చందాలు కట్టే సభ్యుల జాబితా సిద్ధం చేసి పంపుతాం. రెండోది ఉపశీర్షికలు. ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు రాసిన ‘తసమదీయులు’ అన్న మాటకు ఇంగ్లీషులో ఏం రాస్తారు? ఆ మాటలో నవ్వు ఎక్కడుందో తెలిసినవాడే రాయాలి. రెండు భాషలూ ఇంటిభాషలే అయిన యువతీ యువకులు మనలో వందలమంది ఉన్నారు. తాతమ్మలతో కూర్చుని ఒక్కో రీలు పంచుకుంటే ఒక్క వేసవి చాలు.

మీతోనూ ఒక పని ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, మా పెద్దనాన్న గారి ఇంట్లో ఒక ట్రంకుపెట్టె మునిగింది. అందులో 1940ల నుంచి హాలు గేటు దగ్గర కొన్న పాటల పుస్తకాలుండేవి. నీళ్లు తీశాక అది ముద్ద. ఏ సినిమాలో ఎన్ని పాటలు, ఏ వరసలో, ఎవరు పాడారో చెప్పే ఆ కాగితాలే, తెగిన రీళ్లను వరసగా కూర్చేవాళ్లకు ఆధారం. ఈసారి ఊరెళ్లినప్పుడు అటక మీద, ధాన్యపు గది మూల, మూతపడ్డ హాలు ప్రొజెక్టరు గదిలో ఒకసారి వెతకండి. పాటల పుస్తకం, కరపత్రం, గోడపత్రిక ఏది దొరికినా ఫోటో తీసి పంపండి. రేకు డబ్బా దొరికితే మాత్రం ఎండలో పెట్టకండి, దీపం దగ్గరికి తేకండి, మీరే విప్పకండి. చల్లని చోట ఉంచి, అది తూకానికి వెళ్లకముందే మాకు కబురు చేయండి.